బాంక్వెటింగ్ హౌస్‌లో విందు ఎక్కడ జరిగేది?

మీరు అడిగింది ఇది: లండన్‌లో మీ అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు వైట్‌హాల్ వీధిలో బాంక్వెటింగ్ హౌస్ చూశారు. పేరు విందు మందిరం. లోపల వంటిల్లు లేదు, భోజనాల బల్లలు లేవు, ఒకటే పెద్ద ఖాళీ హాలు. రాజులు నిజంగా ఇక్కడ భోంచేశారా? కట్టడంగా దీనికి ఇంత పేరు ఎందుకు? చార్లెస్ రాజును చంపడానికి బయటికి నడిపించిన కిటికీ ఏది?

నేను పాత రాతి కట్టడాల సంరక్షణ పనిలో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాను. మొదటిసారి ఆ హాల్లోకి వెళ్ళినప్పుడు నాకూ మీ సందేహమే వచ్చింది. తర్వాత చాలాసార్లు వెళ్ళాను, దాని చరిత్ర చదివాను. నాకు అర్థమైనది ఒక్క మాటలో చెప్పాలంటే, ఆ హాలు తినడానికి కట్టింది కాదు, రాజును చూడడానికి కట్టింది. ఈ సంగతి పట్టుకుంటే మిగతావన్నీ వాటంతటవే తేలిపోతాయి.

ముందు పేరు సంగతి. ఇప్పుడు బాంక్వెట్ అంటే మనకు పెళ్ళి భోజనం, ఫంక్షన్ హాలు గుర్తొస్తాయి. 16, 17 శతాబ్దాల ఇంగ్లండ్‌లో ఆ మాటకు అర్థం వేరు. అసలు భోజనం అయ్యాక అతిథులు లేచి ఇంకో చోటికి వెళ్ళేవారు. అక్కడ మిఠాయిలు, పళ్ళు, సుగంధ ద్రవ్యాలు వేసిన తియ్యటి వైన్ ఉండేవి. బాంక్వెట్ అనేది ఆ చివరి అంకానికి పేరు. మన ఇళ్ళలో భోజనాలయ్యాక పెద్దలు వసారాలోకి వచ్చి తాంబూలం వేసుకుంటూ కబుర్లు చెప్పుకునేవారే, అలాంటి ఘట్టాన్ని రాజదర్బారు స్థాయిలో ఊహించుకోండి. చక్కెర అప్పట్లో ఇంగ్లండ్‌లో చాలా ఖరీదైన సరుకు. అందుకే దానితో బొమ్మలు, కోటలు, చివరికి తినగలిగే పళ్ళేలు కూడా చేసి చూపించేవారు. మన పెళ్ళిళ్ళలో పంచదార చిలకలు పెడతాం కదా, వాళ్ళకు అదే పెద్ద వైభవం. ఈ తీపి విందు కోసం ధనవంతులు తోటల్లోనూ మేడల మీదా చిన్న చిన్న మండపాలు కట్టుకునేవారు. వాటిని బాంక్వెటింగ్ హౌస్ అనేవారు. వంట జరిగేది వేరే చోట కాబట్టి వీటికి వంటిల్లు అక్కర్లేదు.

వైట్‌హాల్‌లో ఆ చిన్న మండపమే పెరిగి పెద్దదైంది. అక్కడ ఒకప్పుడు యార్క్ ఆర్చిబిషప్‌ల భవనం ఉండేది. అప్పటి ఆర్చిబిషప్, రాజుగారి మంత్రి కార్డినల్ వుల్జీ పతనమయ్యాక ఎనిమిదో హెన్రీ దాన్ని తీసుకుని పెద్ద రాజప్రాసాదంగా మార్చాడు. ఆ తర్వాత పెరిగి పెరిగి దాదాపు 1,500 గదులయ్యాయి. అంత పెద్ద ప్రాసాదంలో ఈ రోజు నేల మీద పూర్తిగా నిలబడి ఉన్న ముఖ్యమైన కట్టడం ఈ హాలొక్కటే.

1581లో ఫ్రాన్స్ నుంచి పెళ్ళి రాయబారం వచ్చింది. రాణి ఎలిజబెత్‌ను ఆంజూ ప్రభువుకు ఇచ్చి చేసే విషయం మాట్లాడడానికి వచ్చిన ఆ పెద్దల కోసం, మూడు వారాల మూడు రోజుల్లో ఒక హాలు లేపారు. నలభై అడుగుల పొడవున్న 30 గుంజలు పాతారు, చుట్టూ కాన్వాసు గుడ్డ కట్టారు, ఆ గుడ్డ మీద రాతిగోడలా కనిపించేలా రంగులు వేశారు. వెలుతురు కోసం 292 గాజు పలకలు పెట్టారు. పైకప్పు గుడ్డ మీద మేఘాలు, నక్షత్రాలు, సూర్యకిరణాలు చిత్రించారు. దాని కింద దానిమ్మలు, నారింజలు, ద్రాక్ష, దోసకాయలు, క్యారెట్లు బంగారు తళుకులతో వేలాడదీశారు. ఈ వర్ణన చదివినప్పుడు నాకు వినాయకచవితి పాలవెల్లి కళ్ళ ముందు కనిపించింది. పెద్ద పండగకు పందిరి వేసి పళ్ళు కట్టాలన్న ఆలోచన రెండు చోట్లా ఒకటే. తాత్కాలికమని వేసిన ఆ పందిరి పాతికేళ్ళు నిలబడింది. పెళ్ళి మాత్రం జరగలేదు.

1603లో స్కాట్లండ్ రాజు ఆరో జేమ్స్ ఇంగ్లండ్‌కు మొదటి జేమ్స్‌గా గద్దెనెక్కాడు. మనకు సంబంధించిన ఒక సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది ఈయన కాలంలోనే. ఈ హాలు కడుతున్న రోజుల్లో గోల్కొండను ఏలుతున్నది మహమ్మద్ కుతుబ్ షా. హైదరాబాద్ మక్కా మసీదు పని మొదలైన రోజులు కూడా దాదాపు అవే.

జేమ్స్ ఆ పాత పందిరి పీకించి 1606లో ఇంకో హాలు కట్టించాడు. లోపలికి వెళ్ళి చూస్తే కిటికీలకు అడ్డంగా స్తంభాలు ఉన్నాయని ఆయనకు నచ్చలేదు. చూపుకు ఏదీ అడ్డం ఉండకూడదన్న ఆ పట్టింపు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాను. ఆ హాలు 1619 జనవరి 12న కాలిపోయింది. మీరు చూసింది దాని చోట లేచినది.

దాన్ని కట్టిన ఇనిగో జోన్స్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. 1573లో పుట్టాడు, తండ్రి బట్టల పనివాడు. ఆయన దర్బారులో పేరు తెచ్చుకున్నది ఇళ్ళు కట్టి కాదు, రంగస్థలం అమర్చి. అప్పట్లో రాజదర్బారులో 'మాస్క్' అనే ప్రదర్శనలు జరిగేవి. నాటకం, పాట, నృత్యం, వేషాలు, యంత్రాలతో కదిలే మేఘాలు అన్నీ కలిసినవి. రాణి, ప్రభువులు స్వయంగా వేషాలు కట్టి నాట్యం చేసేవారు. మాటలు బెన్ జాన్సన్ రాస్తే, వేషాలు, తెరలు, యంత్రాలు జోన్స్ చేసేవాడు. తెర మీద దూరం ఉన్నట్టు భ్రమ కలిగించే చిత్రణను ఇంగ్లండ్ దర్బారుకు తెచ్చింది ఆయనే. ఆ భ్రమలో ఒక కిటుకు ఉంది. హాల్లో ఒక్క చోటి నుంచి చూస్తేనే బొమ్మ సరిగ్గా కుదురుతుంది. ఆ చోట రాజు కుర్చీ వేసేవారు. మిగతావాళ్ళు రాజుకు ఎంత దగ్గరగా కూర్చుంటే అంత బాగా కనిపించేది. కాబట్టి ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నది చూస్తే దర్బారులో ఎవరి స్థాయి ఎంతో తెలిసిపోయేది. విదేశీ రాయబారులు ఆ సీట్ల కోసం గొడవపడేవారు.

ఇక అక్కడ విందు ఎలా ఉండేదంటే, 1618 జనవరిలో పాత హాల్లో జరిగిన ఒక మాస్క్ గురించి వెనిస్ రాయబారి దగ్గరి మతగురువు ఒకాయన రాసిపెట్టాడు. మధ్యలో నృత్యం నెమ్మదించేసరికి జేమ్స్‌కు విసుగొచ్చి, ఎందుకు ఆడడం లేదు, నన్నిక్కడికి దేనికి రప్పించారు, ఆడండి అని అరిచాడట. అంతా అయ్యాక జనం తీపి పదార్థాల బల్ల మీదికి ఒక్కసారిగా ఎగబడితే బల్ల తిరగబడి గాజు పళ్ళేలు భళ్ళున పగిలాయట. కొత్త హాల్లోనూ 1667 ఏప్రిల్ 23న ఇలాంటిదే జరిగింది. సెయింట్ జార్జ్ పండగ రోజు రెండో చార్లెస్ (మీరడిగిన చార్లెస్ రాజు కొడుకు) ఎత్తైన సింహాసనం మీద ఒక్కడే ఒక బల్ల ముందు కూర్చుని తిన్నాడు. గార్టర్ బిరుదు పొందిన వీరులు హాలు పొడవునా వేసిన ఇంకో బల్ల దగ్గర కూర్చున్నారు. పై బాల్కనీలో బాకాలు, నగారాలు మోగాయి. చివర బాంక్వెట్ తీపి పదార్థాలను హాలంతా విసిరేశారు. జాన్ ఎవెలిన్ అనే ఆయన ఇది కళ్ళారా చూసి తన డైరీలో రాసుకున్నాడు. తొక్కిసలాట అవుతుందని భయపడి ఆయన బయటికి వచ్చేశాడు. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు, అవును, భోంచేశారు. కానీ అది పదిమంది చూస్తుండగా చేసిన భోజనం. రాజు తినడం కూడా ఒక ప్రదర్శనే.

ఇప్పుడు కట్టడం. జోన్స్ 1613, 1614 సంవత్సరాల్లో ఇటలీ అంతా తిరిగాడు. రోమన్ శిథిలాలు కొలిచాడు, పల్లాడియో అనే ఇటలీ వాస్తుశిల్పి రాసిన వాస్తు గ్రంథం వెంట పెట్టుకుని దాని అంచుల్లో నోట్సు రాసుకున్నాడు. 1615లో రాజుగారి కట్టడాలకు అధిపతి అయ్యాడు. 1619లో హాలు పని మొదలై 1622లో ముగిసింది. రాతి పనికి పెద్ద మేస్త్రీ నికొలస్ స్టోన్. అంచనా 10 వేల పౌండ్ల లోపే వేసినా ఖర్చు 15 వేలు దాటింది. ఈ తొందరకు ఒక కారణం కూడా ఉంది. యువరాజు చార్లెస్‌కు స్పెయిన్ రాజకుమార్తెతో సంబంధం మాట్లాడుతున్నారు. ఆ పెళ్ళి వైభవానికి తగిన హాలు కావాలి. ఆ సంబంధం కూడా తప్పిపోయింది.

హాలు 110 అడుగుల పొడవు, 55 అడుగుల వెడల్పు, 55 అడుగుల ఎత్తు. అంటే రెండు సమాన ఘనాలు పక్కపక్కన పెట్టినట్టు. అంకెలు వింటే గొప్పగా అనిపించకపోవచ్చు, లోపల నిలబడితే తెలుస్తుంది. మామూలుగా అంత పెద్ద హాల్లో మనిషి చిన్నబోతాడు. ఇక్కడ అలా ఉండదు. నేను మా పిల్ల ఇంజనీర్లను తీసుకెళ్ళినప్పుడు ముందు కొలతలు చెప్పను. వెడల్పు ఎంతో చూపుతో అంచనా కట్టమంటాను, తర్వాత ఎత్తు. రెండూ ఒకటేనని వాళ్ళంతట వాళ్ళు చెప్పేస్తారు. కొలతలు తెలియకపోయినా కంటికి ఆ పొందిక అందుతుంది.

బయటి నుంచి చూస్తే రెండు అంతస్తుల మేడ, కింద ఎత్తైన పీఠం. లోపలికి వెళ్తే రెండు అంతస్తులూ కలిసి ఒకటే గది. బయట అంతస్తులు విడిపోయే గీత దగ్గరే లోపల బాల్కనీ చుట్టూ తిరుగుతుంది. లోపల ఆ బాల్కనీ కింద అయోనిక్ అర్ధస్తంభాలు, పైన గోడకు అతికినట్టుండే కొరింథియన్ పలక స్తంభాలు (ఈ రెండూ ప్రాచీన గ్రీకు స్తంభాల శైలులు). అన్నీ గోడకు అంటుకునే ఉన్నాయి, నడి హాల్లో ఒక్క స్తంభం లేదు. జేమ్స్ రాజు పాత హాలు చూసి చిరాకుపడ్డది దేనికో గుర్తుంది కదా? చూపుకు అడ్డం లేకుండా చేయడం ఇక్కడ సాధించారు. మొదట్లో దక్షిణం చివర సింహాసనం వెనక గోడలో పెద్ద అర్ధవృత్తపు గూడు కూడా ఉండేది, మన గర్భగుడి గూటిలాగా. కొన్నేళ్ళకే దాన్ని తీసేశారు.

వీధి వైపు ముఖంలో ఏడు నిలువు వరుసల కిటికీలు. కింది అంతస్తులో ఒక కిటికీ మీద త్రికోణం ఉంటే పక్కదాని మీద విల్లు వంపు, అలా ఒకటి విడిచి ఒకటి. నడిమి మూడు వరుసలు కాస్త ముందుకు వచ్చి గుండ్రటి అర్ధస్తంభాలతో ఉంటాయి, పక్కవి చదును స్తంభాలు, చివర్లలో అవి జంటలవుతాయి. ఈ మార్పు వల్లే ముఖం చదునుగా, విసుగ్గా అనిపించదు. పైన చూరు కింద పూలమాలలు, ముసుగు ముఖాలు చెక్కారు. లోపల జరిగే పండగ బయటికి కనిపించేది అక్కడే. దీన్ని కట్టిన రోజుల్లో చుట్టూ ఉన్నవి ఎర్ర ఇటుక గోడలు, చెక్క చట్రాల ఇళ్ళు, పొగగొట్టాలు. వాటి మధ్య రోమ్ నుంచి ఎత్తుకొచ్చినట్టు ఈ రాతి మందిరం. ఇంగ్లండ్‌లో ఈ పద్ధతిలో పూర్తయిన మొదటి పెద్ద కట్టడం ఇదే. ఇవాళ లండన్‌లో మీరు చూసే బ్యాంకులు, ఆఫీసులు, క్లబ్బుల మీద కనిపించే స్తంభాలు, త్రికోణాలు అన్నీ దీని వెనక వచ్చినవే.

ఒక చిన్న మాట, ఇది నా వృత్తికి సంబంధించింది. మీరు చూసిన తెల్లటి రాయి జోన్స్ పెట్టింది కాదు. ఆయన మూడు రకాల రాళ్ళు వాడాడు. కింద పీఠానికి ఆక్స్‌ఫర్డ్‌షైర్ గోధుమరంగు రాయి, పై గోడలకు నార్తాంప్టన్‌షైర్ రాయి, స్తంభాలకు, పిట్టగోడకు తెల్లటి పోర్ట్‌లాండ్ రాయి. అంటే తెల్లటి స్తంభాలు రంగు గోడ మీద ఎత్తి చూపినట్టు కనిపించేవి. లండన్ పొగకు మెత్తటి రాళ్ళు పాడైపోయాయి. 1829లో జాన్ సోన్ అనే వాస్తుశిల్పి మరమ్మతు మొదలుపెట్టి మొత్తం పోర్ట్‌లాండ్ రాయితోనే కప్పేశాడు. పని శుభ్రంగా చేశాడు, కట్టడం నిలబడింది, కానీ ఆ రంగుల తేడా పోయింది. నాకు ఇప్పటికీ బాధ కలిగించే సంగతి ఇది. దీన్ని తెల్లటి మేడ అని మెచ్చుకునేవాళ్ళకు ఈ సంగతి తెలియాలి.

పైకప్పు గురించి మీరేమీ రాయలేదు, బహుశా మెడ ఎత్తి చూసే తీరిక దొరికి ఉండదు. అది లేకుండా ఈ హాలు సగమే. జోన్స్ వెనిస్ పద్ధతిలో కప్పును లావు దూలాలతో తొమ్మిది గడులుగా విడగొట్టాడు. ఆ గడుల్లో రూబెన్స్ చిత్రాలు ఉన్నాయి. రూబెన్స్ చిత్రకారుడే కాదు, రాయబారి కూడా. స్పెయిన్, ఇంగ్లండ్‌ల మధ్య సంధి కోసం 1629లో లండన్ వచ్చాడు. అప్పటికి జేమ్స్ పోయి నాలుగేళ్ళయింది. కొడుకు మొదటి చార్లెస్ తండ్రి కీర్తిని కప్పు మీద నిలపమని ఈ పని అప్పగించాడు. రూబెన్స్ ఊరికి తిరిగి వెళ్ళి ఆంట్‌వెర్ప్‌లో కాన్వాసుల మీద వేశాడు. 1634కల్లా పూర్తయ్యాయి, 1636లో కప్పుకు ఎక్కించారు. 3,000 పౌండ్లు, ఒక బంగారు గొలుసు ఇచ్చారు. తన చిత్రాలు ఆ కప్పు మీద ఎలా ఉన్నాయో చూడడానికి ఆయన మళ్ళీ లండన్ రాలేదు.

నడిమి కోడిగుడ్డు ఆకారంలో జేమ్స్ రాజు గద్ద మీద, భూగోళం మీద కాలు మోపి స్వర్గానికి వెళ్తుంటాడు. ఒక చివర ఆయన ధర్మాసనం మీద కూర్చుని ఉంటాడు, శాంతి, సమృద్ధి అనే ఇద్దరు స్త్రీలు కౌగిలించుకుంటారు, మినర్వా దేవత యుద్ధాన్ని తరిమేస్తుంది. ఇంకో చివర ఇంగ్లండ్, స్కాట్లండ్ అనే ఇద్దరు తల్లులు ఒక పసివాణ్ణి రాజు ముందు నిలబెడతారు. ఆ పసివాడే రెండు రాజ్యాల కలయిక. రాజు దేవుడి ప్రతినిధి, దేవుడికి తప్ప ఎవరికీ జవాబుదారీ కాడని జేమ్స్ నమ్మాడు, పార్లమెంటులో ఆ మాటే చెప్పాడు. ఆ నమ్మకానికి బొమ్మ కడితే ఇలా ఉంటుంది. కొన్ని చిత్రాలు తలుపు నుంచి వచ్చేవారికి నిటారుగా కనిపిస్తాయి, కొన్ని సింహాసనం మీద కూర్చున్నవారికి. వచ్చే రాయబారికి ఏం చూపాలి, కూర్చున్న రాజుకు ఏం గుర్తుచేయాలి అన్నది విడివిడిగా ఆలోచించారు. మళ్ళీ చూపు సంగతే.

ఈ చిత్రాలు వచ్చాక దివిటీల, కొవ్వొత్తుల పొగ తగిలి పాడవుతాయని మాస్క్‌లు ఆ హాల్లో ఆపేశారు. వాటి కోసం పక్కనే చెక్కతో ఇంకో హాలు కట్టారు. కట్టడాల సంరక్షణ అనే మాట పుట్టకముందే ఒక రాజు తన ఆటపాటలను వేరే చోటికి మార్చి చిత్రాలను కాపాడాడంటే నాకు చాలా గౌరవం. రాయబారుల దర్శనాలు మాత్రం అక్కడే సాగాయి. గండమాల వ్యాధి రాజు చేయి తాకితే తగ్గుతుందని జనం నమ్మేవారు. ఆ తాకే కార్యక్రమం కూడా ఈ హాల్లో జరిగేది. తర్వాతి కాలంలో రెండో చార్లెస్ తన పాలనలో దాదాపు 90 వేల మందిని తాకాడని లెక్క.

ఇక 1649. పార్లమెంటుతో యుద్ధంలో ఓడిన మొదటి చార్లెస్‌కు మరణశిక్ష పడింది. జనవరి 30న బాగా చలి. చలికి వణికితే భయపడ్డాడనుకుంటారని రెండు చొక్కాలు వేసుకున్నాడు. సెయింట్ జేమ్స్ ప్రాసాదం నుంచి పార్కు మీదుగా వైట్‌హాల్‌కు నడిపించి తెచ్చారు. అక్కడ గంటల తరబడి ఆపేశారు. ఆయన చనిపోయిన వెంటనే ఎవరూ ఇంకొకరిని రాజుగా ప్రకటించకుండా పార్లమెంటు చట్టం చేస్తోంది, అదీ ఆలస్యానికి కారణం. ఆ మధ్యలో ఒక రొట్టె ముక్క, కాస్త ఎర్ర వైన్ తీసుకున్నాడు. మధ్యాహ్నం ఈ హాలు గుండా, తన తండ్రి స్వర్గానికి ఎగిరే ఆ కప్పు కిందుగానే నడిచి, బయట వేసిన నల్లగుడ్డ కప్పిన వేదిక మీదికి వెళ్ళాడు. ఆ చోటును ఎందుకు ఎంచుకున్నారో ఎక్కువ చెప్పనక్కర్లేదు. రాజు వైభవం ఎక్కడ చూపారో, రాజు కూడా చట్టానికి లోబడాలన్నదీ అక్కడే చూపారు.

ఆ తర్వాత కూడా రాజ్యం మారే ప్రతి మలుపూ ఈ హాలు మీదుగానే పోయింది. 1657లో పార్లమెంటు, రాజు లేని ఆ రోజుల్లో దేశాన్ని ఏలుతున్న సేనాని క్రామ్‌వెల్‌ను ఇక్కడే కిరీటం తీసుకొమ్మని అడిగింది, ఆయన చివరికి వద్దన్నాడు. 1660 మే 29న లండన్‌కు తిరిగి వచ్చిన రెండో చార్లెస్ పార్లమెంటు సభ్యులను ఇక్కడే కలిశాడు. రెండో జేమ్స్ కప్పు మీద గాలి ఎటు వీస్తోందో చూపే సూచిక పెట్టించాడు. తన మీదికి దండెత్తబోతున్న అల్లుడు విలియం ఓడలు హాలండ్ నుంచి ఏ గాలికి వస్తాయో చూసుకోవడానికని చెబుతారు. 1689 ఫిబ్రవరి 13న ఆ విలియంకు, ఆయన భార్య మేరీకి హక్కుల ప్రకటన చదివి వినిపించి కిరీటం అందించింది కూడా ఈ గదిలోనే.

1698 జనవరిలో ప్రాసాదమంతా తగలబడింది. ఆరబెట్టిన బట్టలకు నిప్పంటుకుని మొదలైందంటారు. రాజుగారి వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ మనుషులు దక్షిణం వైపు పెద్ద కిటికీని ఇటుకలతో మూసేసి హాలును కాపాడారు. తర్వాత దాదాపు రెండు వందల ఏళ్ళు అది ప్రార్థనాలయం, ఆ తర్వాత 1962 దాకా సైనిక మ్యూజియం. ఆ కాలాల గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఉత్సాహం లేదు. అప్పుడు హాలు నిలబడి ఉంది, అంతే.

మీ చివరి ప్రశ్న, కిటికీ. చాలామంది వీధి వైపున్న పెద్ద కిటికీల్లో ఒకటి చూపించి ఇదేనంటారు. అది కాకపోవచ్చు. అప్పట్లో ఉత్తరం చివర హాలుకు ఆనుకుని ఒక చిన్న కట్టడం ఉండేది. దాని కిటికీని పెద్దది చేసి వేదిక మీదికి దారి చేశారన్నది ఎక్కువమంది చరిత్రకారుల మాట. ఆ కట్టడం ఇప్పుడు లేదు. మీరు లోపలికి వెళ్ళిన మెట్ల భాగం దాదాపు అక్కడే ఉంది, దాన్ని 1809 ప్రాంతంలో జేమ్స్ వాయట్ కట్టాడు. వీధి తలుపు పైన ఒక మనిషి తల శిల్పం ఉంటుంది, మీ ఫోటోల్లో వెతకండి, అది చార్లెస్‌దే. ఈసారి వెళ్ళినప్పుడు హాలు తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కుని వెళ్ళండి. లోపల సింహాసనం వైపు నడిచేటప్పుడు పైకి చూస్తూ నెమ్మదిగా నడవండి, వెనక్కి తిరిగి మళ్ళీ తలుపు దాకా అలాగే రండి. రెండు వైపుల నుంచీ చూస్తేనే తొమ్మిది చిత్రాలూ కనిపిస్తాయి. బయటికి వచ్చాక రోడ్డు దాటి హార్స్ గార్డ్స్ అనే కట్టడం మీది గడియారం చూడండి. దాని మీద రెండు అంకె దగ్గర నల్లటి మచ్చ ఉంటుంది. అది రాజు తల తెగిన గంట అని చెబుతారు.